మా అబ్బాయికి పీపాల ఉద్యోగం

పులిహోర కొలతల కోసమో, పట్టుచీర మీద మరకలు పోగొట్టే చిట్కా కోసమో ఈ పేజీలు తిరగేస్తున్న మీకు ముందే చెప్పేస్తున్నాను. ఇవాళ నేను రాయబోయేది మందు గురించి. అదీ అమెరికా మందు. దాని పేరు బర్బన్. "ఇదేం చోద్యమమ్మా, ఇల్లాలు రాసే సంగతేనా ఇది?" అని పేజీ తిప్పేయకండి. తాగమని చెప్పడానికి రాయటం లేదు. ఆ సీసా వల్ల కాపురాలు ఎలా అవుతాయో చిన్నప్పుడే చూసినదాన్ని కనుకే రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా, కలిగిరి వైపు ఒక పల్లె. మా నాన్న మంచి పనివాడు. పొద్దున చూస్తే దేవుడు, సాయంత్రం చూస్తే మనిషి కాదు. అప్పట్లో సారా ప్యాకెట్లలో అమ్మేవాళ్ళు. అమ్మ కమ్మలు, తర్వాత బిందెలు, ఆ తర్వాత పాడి గేదె, ఒక్కొక్కటే ఆ ప్యాకెట్లలోకి పోయాయి. 1992లో మా పక్కనే ఉన్న దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రోశమ్మగారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. రాత్రిబడుల్లో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు ఒక్కటై లేచారు. ఆ గాలి మా ఊరికీ వచ్చింది. మా అమ్మ చీపురు పట్టుకుని, కొంగున కారప్పొడి కట్టుకుని కొట్టు ముందు కూర్చుంది. అప్పుడు నాకు పదమూడేళ్ళు. రాత్రిళ్ళు అమ్మకు అన్నం గిన్నె తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. నాన్న 1999లో కాలేయం చెడి పోయాడు. ఇదంతా ఎందుకు చెప్పానో మీకే అర్థమవుతుంది.

మా అబ్బాయి కెమికల్ ఇంజనీరింగ్ చదివి, పై చదువుకు అమెరికాలో కెంటకీ రాష్ట్రం, లూయివిల్ అనే ఊరికి వెళ్ళాడు. 2025 మేలో పట్టా పుచ్చుకునే వేడుకకు నేనూ, మా వారూ వెళ్ళాం. వేడుక అయిన మర్నాడు వాడు నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, ఉద్యోగం వచ్చింది. పీపాలు చేసే కంపెనీలో." పీపాలంటే నూనె పీపాలనుకున్నాను. "కాదమ్మా, విస్కీ పీపాలు. నువ్వు వద్దంటే చేరను. కానీ వద్దనే ముందు ఒక్కసారి వచ్చి చూడు" అన్నాడు.

నేను ఇంటర్ దాకా చదివాను. తర్వాత పెళ్ళి, పిల్లలు, వంటిల్లు. కెమిస్ట్రీ నాకేం గుర్తులేదు. కానీ వాడు చూపించింది చూస్తూంటే అంతా వంటింటి సంగతిలాగే ఉంది. మీకూ అలాగే చెబుతాను.

బర్బన్ అంటే మొక్కజొన్న విస్కీ. దానికి వాళ్ళ దేశంలో చట్టం ఉంది. ధాన్యంలో నూటికి కనీసం 51 పాళ్ళు మొక్కజొన్న ఉండాలి. మిగతాది రై అనే ధాన్యమో, గోధుమో, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీయో. మనం పిల్లలకు రాగులు మొలకకట్టి ఎండబెట్టి పిండి పట్టిస్తామే, అదే పద్ధతి. దాన్ని ఉడికించి, పులియబెట్టి, బట్టీ పడతారు. అలా వచ్చింది చూస్తే తెల్లగా నీళ్ళలాగే ఉంటుంది. నాకు గుండె ఝల్లుమంది. మా ఊళ్ళో సారా కూడా అలాగే ఉండేది మరి!

తర్వాత దాన్ని ఓక్ చెక్కతో చేసిన పీపాలో పోస్తారు. ఆ పీపా కొత్తదై ఉండాలి, లోపల కాల్చి ఉండాలి. నీళ్ళు తప్ప రంగుగానీ, రుచి కోసం మరొకటిగానీ కలపకూడదు. అంటే ఆ తేనె రంగు, ఆ తీపి వాసన అంతా చెక్కలోంచి రావలసిందే. ఒక్కో పీపా 53 గాలన్లు, అంటే దాదాపు 200 లీటర్లు. మేకులు లేవు, జిగురు లేదు. చెక్క బద్దలు ఒకదానికొకటి ఆనించి ఇనుప పట్టీలు బిగిస్తారు, అంతే. అయినా చుక్క కారదు.

ఆ బద్దలను చెక్కగానే వాడేయరు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ బయట పేర్చి ఉంచుతారు. ఎందుకురా అంటే, "చెక్కలో వగరు ఉంటుందమ్మా. కరక్కాయ వగరు లాంటిది. వాన నీళ్ళకు అది కొంత కారిపోతుంది" అన్నాడు. కొత్త మట్టికుండ కొనగానే వండుతామా? రెండు మూడు రోజులు నీళ్ళు పోసి నానబెట్టి, మట్టి వాసన పోయాక కదా పొయ్యి మీద పెడతాం. ఇదీ అంతే.

ఇప్పుడు అసలు సంగతి. చెక్కను వేడి చేయడంలో రెండు రకాలున్నాయి. ఒకటి సన్నని సెగ మీద ఎక్కువసేపు దోరగా వేయించడం. రెండోది మంట పెట్టి పైపొర బొగ్గయ్యేలా మాడ్చడం. మాడ్చడంలో నాలుగు మెట్లు ఉన్నాయి. నాలుగోది 55 సెకండ్లు. అలా మాడ్చిన చెక్క మొసలి వీపులాగా పగుళ్ళిచ్చి ఉంటుంది. దోరగా వేయిస్తే చెక్కలో దాగి ఉన్న చక్కెరలు పాకమవుతాయి. లేత పాకం, ముదురు పాకం మనకు తెలియనివా? అరిసెలకు ఒక పాకం, చలిమిడికి ఒక పాకం. వాళ్ళూ అలాగే నిమిషాలు లెక్కపెట్టి వేయిస్తారు. మా వాడి పని అదే. ఏ చెక్కను ఎంత వేడి మీద ఎంతసేపు వేయిస్తే ఏ వాసన వస్తుందో చూసి రాయడం.

ఇంకో విచిత్రం చెప్పనా? ఐస్‌క్రీముకు వాడే వెనిల్లాలో ఉండే పదార్థమే కాల్చిన ఓక్ చెక్కలోనూ పుడుతుంది. లవంగానికి వాసన ఇచ్చే యూజెనాల్ ఓక్‌లోనూ ఉంది. కొబ్బరి వాసననిచ్చే పదార్థం కూడా ఉంది. వాడు ఒక దోరగా వేయించిన చెక్క ముక్క నా చేతికిచ్చి వాసన చూడమన్నాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, కొబ్బరి లౌజు చేసిన ఇల్లులాగా గుప్పుమంది.

పీపాల్ని పెద్ద పెద్ద గోదాముల్లో ఏళ్ళకేళ్ళు పడుకోబెడతారు. వేసవిలో సరుకు ఉబ్బి చెక్కలోకి ఇంకుతుంది, చలికాలంలో వెనక్కి వస్తుంది. ఇలా లోపలికీ బయటికీ తిరుగుతూ రంగు, రుచి తెచ్చుకుంటుంది. ఏటా నూటికి మూడు నాలుగు పాళ్ళు ఆవిరైపోతుందట. దానికి "దేవదూతల వాటా" అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ ఆవిరి వల్ల చుట్టుపక్కల గోడలకూ, చెట్ల మొదళ్ళకూ నల్లటి బూజు పడుతుంది. ఇరుగుపొరుగు ఇళ్ళకూ పట్టి, కడుక్కోలేక జనం గొడవపడిన సందర్భాలు ఉన్నాయి. దేవదూతల సంగతేమో గానీ, నా కంటికి ముందు ఆనింది ఆ బూజే. గోడలు కడిగే వాళ్ళకే తెలుస్తుంది కష్టం.

లూయివిల్ నుంచి గంటకు పైగా కారులో పోతే లొరెట్టో అనే పల్లె వస్తుంది. అక్కడ మేకర్స్ మార్క్ అనే కంపెనీ ఉంది. నాకు ఆ ఊళ్ళో నచ్చింది సీసా కాదు, ఒక ఇల్లాలు. పేరు మార్జీ శామ్యూల్స్. ఆవిడ భర్త బిల్ శామ్యూల్స్ 1953లో ఆ బట్టీ కొన్నాడు. ఏ ధాన్యాలు ఏ పాళ్ళలో కలపాలో తేల్చుకోవాలంటే, పీపాలో పోసి ఏళ్ళు ఎదురుచూడాలి కదా. అలా కాకుండా, ఆ ధాన్యాలతో రొట్టెలు కాల్చి రుచి చూశారని ఆ కంపెనీ వాళ్ళు చెప్పుకుంటారు. గోధుమ కలిపిన రొట్టె బాగుందట, రై తీసేసి గోధుమ పెట్టారు. సీసా ఆకారం, పేరు, మూతి మీద కారిన ఎర్ర లక్క, అన్నీ ఆవిడ ఆలోచనలే. ఇంట్లో వేపుళ్ళు చేసే మూకుడులోనే ఆ లక్క కరిగించి సీసాలు ముంచి చూసిందట! మొదటి సీసా 1958లో బయటికి వచ్చింది. ఇప్పటికీ సీసాలను చేత్తోనే ముంచుతున్నారు. వంటింట్లో పుట్టిన తెలివి ఎంత దూరం పోతుందో చూశారా? 2014లో ఆవిడ పేరును బర్బన్ రంగంలో పెద్దల వరసలో చేర్చారు. ఇంకొక మాట. వుడ్‌ఫర్డ్ రిజర్వ్ అనే మరో పేరున్న బట్టీలో 2023 నుంచి తయారీ అంతటికీ పెద్ద, ఎలిజబెత్ మెకాల్ అనే ఆవిడ.

ఇక రుచి సంగతి. ఒక సాయంత్రం మా వాడు చిన్న సీసాలు నాలుగు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాలుగు గాజు గ్లాసులు. అడుగున బొద్దుగా, మూతి దగ్గర సన్నగా ఉన్నాయి. వాసన పైకి చెదిరిపోకుండా అలా చేస్తారట. "తాగక్కర్లేదమ్మా. మా పనిలో కూడా ముక్కుతోనే ఎక్కువ పని. నోట్లో వేసుకున్నా ఉమ్మేస్తాం" అన్నాడు. మా వారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పేపరు మాత్రం తిరగెయ్యటం లేదు!

వాసన చూడటానికీ ఒక పద్ధతి ఉంది. ముక్కు గ్లాసులో పెట్టేస్తే ఘాటు నషాళానికి ఎక్కుతుంది. కాస్త దూరంగా పెట్టుకుని, పెదాలు కొద్దిగా తెరిచి పీల్చాలి. రెండు చుక్కలు నీళ్ళు వేస్తే దాగిన వాసనలు పైకి వస్తాయి.

మొదటిది మేకర్స్ మార్క్ మామూలు రకం. వెనిల్లా, బెల్లం పాకం. రెండోది అదే సరుకు, కానీ "46" అని పేరు. 2010లో వచ్చింది. మొదటి పీపాలో పండిన సరుకును బయటికి తీసి, ఫ్రాన్సు దేశపు ఓక్ పలకలు పది కాల్చి ఆ పీపాలో బిగించి, సరుకు మళ్ళీ పోసి కొన్ని వారాలు ఉంచుతారు. పలకలు కాల్చే పద్ధతులు ఎన్నో ప్రయత్నిస్తే, నచ్చిన పద్ధతి నంబరు 46. అదే పేరైంది. ఇందులో దాల్చినచెక్క వాసన తెలిసింది. మూడోది వుడ్‌ఫర్డ్ రిజర్వ్ డబుల్ ఓక్డ్, 2012లో వచ్చింది. ఒక పీపాలో పండాక, బాగా దోరగా వేయించి పైపైన మాడ్చిన రెండో కొత్త పీపాలోకి మారుస్తారు. అది ముదురు పాకం. ఇంకొక్క నిమిషం ఉంచితే చేదెక్కుతుందనిపించే పాకం. నాలుగోది ఏంజెల్స్ ఎన్వీ. లింకన్ హెండర్సన్ అనే పెద్దాయన రిటైరయ్యాక కొడుకుతో కలిసి మొదలుపెట్టాడు. పోర్చుగల్ దేశంలో పోర్ట్ అనే తియ్యటి ద్రాక్ష వైన్ ఉంచిన పీపాల్లో చివరి నెలలు ఉంచుతారు. ఎండుద్రాక్ష, రేగి వడియాలు గుర్తొచ్చాయి. ఇలా వేరే పీపాలో ముగించినదానికి ఆ సంగతి లేబుల్ మీద చెప్పి తీరాలి.

మీరు నమ్మండి, నమ్మకపొండి, కళ్ళు మూసుకుని ఏది ఏదో నేను నాలుగూ సరిగ్గా చెప్పాను. మా వాడు ఆశ్చర్యపోయాడు. ఇందులో ఆశ్చర్యమేముంది? ఇంగువ ఎక్కువైందో, మెంతులు మాడాయో పక్కింటి పోపు వాసనతో చెప్పేవాళ్ళం మనం.

"నాలుక మీద పెట్టుకుని చూస్తావా?" అన్నాడు. టీ చెంచా చివర తడిపి మొదటిదీ, మూడోదీ నాలుకకు తాకించుకున్నాను. తీపి వచ్చింది, వగరు వచ్చింది, లవంగం వచ్చింది. ఆ వెనకాలే మంట వచ్చింది. ఆ మంట నాకు తెలుసు. మా నాన్న పక్కన పడుకున్న రాత్రుల్లో ఆయన ఊపిరిలో ఉండేది అదే. పైన ఎన్ని సువాసనలు కప్పినా అడుగున ఉన్నది అదే. లేచి వెళ్ళి వాష్‌బేసిన్‌లో ఉమ్మేసి, నోరు పుక్కిలించి వచ్చాను. మా వాడికి అర్థమైంది. గ్లాసులు తీసేశాడు.

ఆ రాత్రి ఊరికి ఫోన్ చేసి అమ్మతో చెప్పాను. చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు.

"ఏందమ్మే, మనవడు సారా కాస్తా ఉండాడా?"

"లేదమ్మా, పీపాలు చేసే చోట పని."

"పీపాల్లో పోసేదేంది, పాలా?"

నేను మాట్లాడలేదు. కాసేపాగి అమ్మే అడిగింది. "ఆ ఊళ్ళో ఆడోళ్ళు ఏమంటా ఉండారు?"

ఆ ప్రశ్న నేను మా వాణ్ణి అడిగాను. వాడికి తెలియదు. ఇద్దరం కూర్చుని వెతికాం. చూస్తే, క్యారీ నేషన్ అనే ఆవిడ పుట్టింది ఈ కెంటకీలోనే, 1846లో. మొదటి భర్త డాక్టరు, తాగుడుకు బానిసై చిన్న వయసులోనే పోయాడు. ఆవిడ కాన్సాస్ రాష్ట్రంలో గొడ్డలి పట్టుకుని సారా దుకాణాల్లోకి వెళ్ళి సీసాలూ పీపాలూ పగలగొట్టింది. అక్కడ గొడ్డలి, ఇక్కడ చీపురు! 1920 నుంచి 1933 దాకా అమెరికా అంతటా మద్యనిషేధం ఉంది. తర్వాత ఎత్తేశారు. అయినా బర్బన్‌కు పుట్టిల్లనుకునే కెంటకీలోనే ఇప్పటికీ మందు అమ్మకం లేని జిల్లాలు కొన్ని ఉన్నాయి. ఇది అమ్మకు చెబితే, "అట్లాగా! ఆమె పేరు ఇంకోసారి చెప్పు" అని రెండుసార్లు పలికించుకుంది.

మర్నాడు అబ్బాయిని కూర్చోబెట్టి నేను చెప్పింది ఇది. "నాన్నా, చెక్క పని గొప్ప పని. ఆ తెలివికి నేను దణ్ణం పెడతాను. కానీ సీసాలో 45 పాళ్ళు ఉన్నది మాత్రం ఆల్కహాలే. ఏ పీపాలో పెట్టినా అది మారదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఆల్కహాల్ ఇంత తాగితే ప్రమాదం లేదనే కొలతే లేదని చెప్పింది. మీ తాత రక్తం నీలో ఉంది. నువ్వు పనిలో చేరు. వాసన చూడు, రుచి చూడాల్సి వస్తే ఉమ్మేయి. ఇంట్లోకి సీసా రాకూడదు. ఎప్పుడైనా ఉమ్మకుండా మింగాలనిపిస్తే ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి. తిట్టను. కానీ దాచకు."

వాడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, "అమ్మా, వాడేసిన పీపాల సంగతి కూడా మా కంపెనీ చూస్తుంది. అటు వైపు పని అడుగుతాను" అన్నాడు. బర్బన్‌కు పీపా ఒక్కసారే పనికొస్తుంది కదా. ఆ తర్వాత చాలావరకు స్కాట్లాండ్ విస్కీకి పోతాయి. కానీ లూయిజియానా రాష్ట్రంలో టబాస్కో అని మిరపకాయ సాస్ చేసేవాళ్ళు కూడా అలాంటి పీపాలే కొంటారు. పండు మిరపకాయలు ఉప్పుతో నూరి ఆ పీపాల్లో మూడేళ్ళ దాకా ఊరబెట్టి, మూత మీద కూడా ఉప్పు మందంగా పరుస్తారు. అచ్చం మన పండుమిర్చి పచ్చడే! జాడీ బదులు పీపా, అంతే తేడా.

ఈ కబురు చెబితే అమ్మ మొదటిసారి నవ్వింది. వెంటనే గొంతు మార్చి, "సరే పోనీ. వాడు తాగి ఇంటికొచ్చిన రోజు నాకు చెప్పు. ఇమానం ఎక్కి నేనే వస్తా, చీపురు తీసుకోని" అంది. డెబ్బై దాటిన మనిషి. అన్నంత పనీ చేయగలదు.

మా వాడు జూలైలో పనిలో చేరాడు. ఆదివారం ఆదివారం వీడియోలో మాట్లాడతాడు. ఆ వారం ఏ చెక్క కాల్చాడో, ఏ వాసన వచ్చిందో చెబుతాడు. నేను జాగ్రత్తగా వింటాను. కళ్ళు, మొహం, మాట తడబాటు కూడా చూస్తాను. తల్లిని కదండీ!

మీ పిల్లలూ ఇవాళ మనకు పేరు పలకడం రాని ఉద్యోగాల్లో చేరుతున్నారు. కొన్ని మనకు నచ్చవు, కొన్ని భయపెడతాయి. వద్దు అనే ముందు ఒకసారి వెళ్ళి చూడండి. చూశాక మీ షరతు మీరు గట్టిగా పెట్టండి. చెక్కలో ఎన్ని వాసనలున్నాయో వాళ్ళకు తెలుసు. ఆ సీసా ఇంట్లోకి వస్తే ఏమవుతుందో మనకు తెలుసు. రెండూ ఒకరికొకరం చెప్పుకోవాలి. మీరేమంటారు?